పెళ్లికూతురు వెళ్లని పెళ్లిలో సాగనంపే పాట

పైవరుసలో ముందుపళ్లు రెండు ఊడిన రోజునే నా ఉద్యోగమూ ఊడింది. క్లారినెట్ ఊదేవాడికి పళ్లే ఆస్తి. పై పళ్లను మౌత్‌పీసు మీద ఆనించి, కింది పెదవిని రీడు బద్ద కింద మెత్తగా పెట్టి ఊదాలి. కట్టుడు పళ్లతో ఒక బరాత్‌లో ప్రయత్నించి చూశాను. హుషారు పాట మధ్యలో పళ్లు కదిలాయి, క్లారినెట్ కీచుమంది, గుర్రం బెదిరింది, పెళ్లికొడుకు పగ్గం వదిలేసి గుర్రంవాడి మెడ పట్టుకున్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడే జలతారు కోటు ఉతికించి దుకాణంలో అప్పజెప్పేశాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బ్యాండు మేళంలో నలభై ఏళ్లు పనిచేశాను. చివరి పదేళ్లు ముందు నిలబడి మేళాన్ని నడిపించింది నేనే. మాది నల్లగొండ పక్క పల్లె. ఇప్పుడు సరూర్‌నగర్‌లో ఉంటున్నాను. పని మానేసినా సాయంత్రం కాగానే కాళ్లు దుకాణం వైపే లాగుతాయి. అక్కడ కొత్తగా చేరినవాళ్లలో ఒకతను మొన్న అడిగాడు.

“అంకుల్, డీజే వచ్చినంక మనల్ని పిలిచేది గా ఒక్క పాటకే. ఇంకెన్నేండ్లు ఊదాలె దాన్ని?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. గట్టిగానే కసిరాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, డీజేలు లేని రోజుల్లోనే, అతని వయసులో నేనూ ఇంకెన్నేండ్లు ఊదాలని అడిగాను. ఆ రోజు నాకు జవాబు చెప్పినవాళ్లెవరూ లేరు. అందుకే మేళంలో కొత్తగా చేరిన మీ కోసం ఇది రాస్తున్నాను. యూనిఫాం ఎలా వేసుకోవాలో, ముహూర్తాల రోజుల్లో ఎన్ని హాళ్లు తిరగాలో మీకు ఎలాగూ తెలిసిపోతుంది. అవి వదిలేస్తాను.

*ఆ పాట*

పాట పేరు రాయను. పెళ్లయ్యాక పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు బ్యాండువాళ్లు ఏం ఊదుతారో తెలిసినవాళ్లకు ఈపాటికే చెవిలో మోగుతుంటుంది. నలుపు తెలుపుల సినిమాల కాలం నాటి పాట అది. దాన్ని ముట్టుకోనివాళ్లు లేరు. సన్నాయివాళ్లు వాయిస్తారు, టీవీ పోటీల్లో పిల్లలు పాడతారు, కీబోర్డువాళ్లు అక్కర్లేని చోటల్లా వయొలిన్లు దూర్చి వాయిస్తారు. చైతన్యపురిలో ఒక సెల్‌ఫోన్ దుకాణంవాడు దరువు కలిపిన రకం పెట్టి కొత్త స్పీకర్లు పరీక్షించి చూపిస్తాడు. అంత చేసినా ఆ పాట చెక్కు చెదరలేదు.

ఎందుకో పనివాడిగా కొంత చెప్పగలను. ఆ పాట ఎనిమిది స్వరాల లోపలే తిరుగుతుంది. ఎక్కడా గొంతు చించుకోనక్కర్లేదు. సంగీతం రానివాళ్లు కూడా గిన్నెలు తోముకుంటూ పాడుకోవచ్చు. వరుస వరుసకూ చివర ఊపిరి తీసుకునేంత చోటుంది. ఆ చోటులో మనం ఊపిరి తీసుకుంటాం, ఎదురుగా ఉన్నవాళ్లు ముక్కు తుడుచుకుంటారు. ఆ పాట కట్టినాయన ఎవరో గానీ మనుషులను బాగా చూసినవాడు.

ఇంత తెలిసినా, ఆ పాటంటే నాకు చాలా ఏళ్లు అసహ్యంగా ఉండేది. ముహూర్తాల నెలలో రోజుకు రెండు మూడు చోట్ల అదే ఊదాలి. కళ్లెదుట ఒక తల్లి కూతుర్ని పట్టుకుని ఏడుస్తుంటే, నేను పాట ఊదుతూ భోజనాల వైపు చూసేవాణ్ని, కూర అయిపోయిందేమోనని. గొప్పకు చెప్పడం లేదు. సిగ్గుపడే చెబుతున్నాను. మీకూ ఇదే జరుగుతుంది, జరిగినప్పుడు మీరేదో రాక్షసులైపోయారని బెంగపడకండి. కానీ అక్కడే ఉండిపోకండి.

*కరీం మాస్టర్ దగ్గర నేర్చుకున్నవి, నేర్చుకోకుండా ఉండాల్సింది*

నాకు పని నేర్పింది మేళం పెద్ద కరీం మాస్టర్. స్వరం తప్పితే డ్రమ్ము పుల్లతో మోకాలి మీద ఒకటి వేసేవాడు. బాగా ఊదితే ఏమీ అనేవాడు కాదు. ఆయన దగ్గర మెచ్చుకోలు అంటే ఆ పుల్ల దెబ్బ పడకపోవడమే.

నాకు కాస్త చెయ్యి తిరిగాక ఆ పాటలో సంగతులు వేయడం మొదలుపెట్టాను. పల్లవి చివర ఒక మెలిక, చరణం ఎత్తుగడలో ఒక జారుడు, దీర్ఘం ఉన్నచోటల్లా వణుకు. జనం నన్ను చూడాలని ఆశ. కొత్తపేటలో ఒక కోస్తావాళ్ల పెళ్లిలో అలాగే ఊదుతుంటే, పెళ్లికూతురి అమ్మమ్మ కుర్చీలోంచి లేచి నా దగ్గరికొచ్చి మెల్లిగా అంది.

“బాబూ, నువ్వు కాస్త పక్కకి తప్పుకుంటే పాట వినపడుతుంది నాయనా.”

మా మేళమంతా విన్నది. మాస్టర్ దారిపొడవునా నవ్వుతూనే ఉన్నాడు. దుకాణం చేరాక మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని అన్నాడు.

“గీ పాట నీది కాదు బేటా, పెండ్లోళ్లది. వాళ్లు ఏడ్వడానికి వచ్చిన్రు. నడుమల నువ్వేడిస్తె వాళ్లకు జాగెక్కడిది?”

ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆ పాటకు నగలు పెట్టలేదు. మీరూ పెట్టకండి. వణుకు అవసరమైతే వినేవాళ్లే తెచ్చుకుంటారు.

మాస్టర్‌లో నాకు నచ్చనిదీ ఒకటుంది. చనిపోయిన మనిషి గురించి రాయకూడదంటారు గానీ, రాయకపోతే మీరూ అదే తప్పు చేస్తారు. పెళ్లివాళ్లను ఆయన ఏమీ అడగనిచ్చేవాడు కాదు. “మనం ఊదెటోళ్లం, అడిగెటోళ్లం కాదు” అనేవాడు. ఎవరి పెళ్లి, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరి మనసులో ఏముంది, ఏదీ మనకక్కర్లేదు. వరుస ప్రకారం ఎదుర్కోళ్లు, బరాత్, సాగనంపడం. ఆ పద్ధతి నా ఒంటికి పట్టేసింది. దాని ఫలితం కింద చెబుతాను.

*చెరువు దగ్గర*

ఒకసారి వినాయక నిమజ్జనానికి ఒక కాలనీవాళ్లు మమ్మల్ని సరూర్‌నగర్ చెరువుకు పిలుచుకుపోయారు. మిట్టమధ్యాహ్నం. ముందున్న విగ్రహాలన్నీ డీజే బండ్లతో వచ్చాయి. మా వంతు వచ్చి క్రేన్‌కు విగ్రహాన్ని తగిలిస్తుంటే, ఆ కాలనీలో ఉండే ఒకామె వచ్చి సాగనంపే పాట ఊదమంది.

“అది పెండ్లి పాటమ్మా, దేవునికి ఎట్ల ఊదుతం?” అన్నాను.

“తొమ్మిది దినాలు మా ఇంటి ముందల ఉన్నడు. పొద్దుగాల్ల లేవంగనే ఆయన మొఖమే చూసినం. పోతుంటే ఊకె చూస్కుంట నిలవడాల్నా?” అంది.

ఊదాం. విగ్రహం గాలిలో మెల్లిగా తిరుగుతూ నీళ్ల వైపు వెళ్లింది. తొందరపెడుతున్న పోలీసాయన కూడా పల్లవి అయ్యేదాకా విజిల్ నోట్లో ఊరికే పెట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు అర్థమైంది నాకు. సినిమాలో ఆ పాటకు మాటలున్నాయి. మన క్లారినెట్‌కు మాటలు రావు. వినేవాళ్లు ఎవరి మాటలు వాళ్లు పెట్టుకుంటారు. పెళ్లికూతురి కోసమే అని మనం అనుకుంటాం గానీ, ఇల్లు విడిచి పోయేవాళ్లెవరికైనా అది సరిపోతుంది.

అర్థమైందని రాశాను కానీ, నిజానికి ఆ రోజుకే అర్థమైంది. మర్నాటి పెళ్లికల్లా మళ్లీ మామూలే.

*ఎల్బీనగర్ పెళ్లి*

నేను మానేయడానికి ఏడాది ముందు మాట. ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు, పగటి ముహూర్తం. మమ్మల్ని మాట్లాడుకున్నది పెళ్లికూతురి తండ్రి ప్రసాదరావు గారు. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెబుతారు. శ్రావణి ఒక్కతే కూతురు. పెళ్లికొడుకు నరేశ్‌ది నల్లగొండ దగ్గర పల్లె, బ్యాంకులో ఉద్యోగం. ఇంతకు మించి నాకేమీ తెలియదు, అడగనూ లేదు.

మా మేళంలో ఒక గుర్తు ఉంది. హాలు ముందు పూల కారు ఆగి, డిక్కీ తెరిచి సామాను సర్దడం మొదలవగానే సాగనంపే పాట ఎత్తుకోవాలి. అప్పటిదాకా నవ్వుతూ తిరిగిన తల్లికి, పెట్టె కారెక్కడం చూశాకే పిల్ల నిజంగా పోతోందని తెలుస్తుంది. పాట అప్పుడే పడాలి. ఆలస్యమైతే అతకదు.

భోజనాలయ్యాయి. కారు వచ్చింది. డిక్కీ తెరిచి ఒక సూట్‌కేసు పెట్టారు, తాడు కట్టిన పుస్తకాల అట్టపెట్టె పెట్టారు, ఆ తర్వాత ఒక పాత టేబుల్ ఫ్యాను పెట్టారు. పెళ్లికూతురి సారెలో పాత టేబుల్ ఫ్యాను ఎందుకుంటుంది? నలభై ఏళ్ల అనుభవమున్నవాణ్ని, ఆ ఒక్క ప్రశ్న వేసుకోవాల్సింది. వేసుకోలేదు. పక్కనున్న ట్రంపెట్ మల్లేశ్‌కు సైగ చేసి పాట ఎత్తుకున్నాను.

పల్లవి రెండో వరుసకు వచ్చేసరికి పెళ్లికూతురి తరఫువాళ్లంతా మా వైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టారు. శ్రావణి అయితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అంకుల్, నేను ఎక్కడికీ వెళ్లట్లేదు!”

ప్రసాదరావు గారు గబగబా వచ్చారు. “ఏమండీ మాస్టారూ, మా అమ్మాయి మా ఇంటికే వస్తోందండీ. అబ్బాయి కూడా మాతోనే ఉంటాడు. ఇప్పుడీ ఏడుపు పాట ఎందుకు? ఏదైనా హుషారుది కొట్టండి.”

విషయం అప్పుడు తెలిసింది. ఇల్లరికం. డిక్కీలో ఉన్నది పెళ్లికొడుకు సామాను. పాటను సగంలో తుంచేసి తీన్మార్ దరువు ఎత్తుకున్నాను. శ్రావణి చుట్టాల పిల్లలు చిందులు వేశారు. తప్పు దిద్దుకున్నానని అనుకున్నాను.

అప్పుడు చూశాను, కారు వెనకాల ఒకామె నిలబడి ఉంది. ముదురాకుపచ్చ పట్టుచీర, ఇంకా మడతల గీతలు పోలేదు. డిక్కీలో చెయ్యి పెట్టి ఫ్యాను రెక్కల మీద దుమ్ము కొంగుతో తుడుస్తోంది. తీన్మార్ అయ్యేదాకా తుడుస్తూనే ఉంది. అయ్యాక నా ముందుకొచ్చి నిలబడింది.

“అన్నా, గా పాట ఎందుకు ఆపిన్రు?”

“ఆడివిల్ల పోతలేదంటమ్మా. మాకు ఎర్క లేక ఊదినం.”

“మరి నా పిల్లగాడు పోతుండు గద.”

ఆమె సైదమ్మ, నరేశ్ తల్లి. భర్త పోయాక ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతూ కొడుకును పెంచింది. ఉన్నది ఆ ఒక్కడే. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం నలభై ఏళ్లుగా నేర్చుకున్న జవాబే చెప్పాను.

“పెండ్లోళ్లు వద్దన్నరమ్మా.”

“నేను పెండ్లోళ్లల్ల లేనా?” అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. నేను జవాబు చెప్పేలోపు తనే, “సరే తియ్, మీదేం తప్పున్నది” అని మళ్లీ కారు దగ్గరికి వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రోజు నేను చేసినవి రెండు తప్పులు. అడగకుండా పాట ఎత్తుకోవడం మొదటిది, దానికి నవ్వి ఊరుకోవచ్చు. ఆపమనగానే చుట్టూ చూడకుండా ఆపేయడం రెండోది. ఆ పాట అక్కడ ఒక మనిషికి నిజంగా కావాలి. మొత్తం హాల్లో ఆమె ఒక్కతికే కావాలి. కొడుకును పంపే తల్లికి మన పెళ్లిళ్లలో ఒక తంతు లేదు, ఒక మాట లేదు, ఏడవడానికి ఒక సమయం లేదు. పెట్టె కారెక్కిందంటే అయిపోయినట్టే. నేను పొరపాటున ఆమెకు ఒక సందు తెరిచి, మళ్లీ మొహం మీదే మూసేశాను.

మల్లేశ్ నా వైపు చూశాడు. “పోయి అడుగరాదే అన్నా” అన్నాడు. క్లారినెట్ చంకలో పెట్టుకుని ప్రసాదరావు గారి దగ్గరికి వెళ్లాను. పెళ్లివాళ్లను ఒకటి అడగడానికి వెళ్లడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

“సార్, గా పాట ఒక్కసారి పూర్తిగ ఊదనియ్యుండ్రి. పిలగాని తల్లి అడుగుతుంది.”

ఆయన చెడ్డమనిషి కాదు. నన్ను పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్పారు. “నేను వద్దన్నది అందుకే మాస్టారూ. ఇన్నాళ్లూ మేం ఇల్లరికం అన్న మాట నోట రానివ్వలేదు. ఇప్పుడు అబ్బాయికి ఆ పాట వాయిస్తే నలుగురూ నవ్వుతారు. అతనికి చిన్నతనంగా ఉంటుందండీ.”

ఆ మాటా నిజమే. మూడడుగుల దూరంలో నరేశ్ దండ పట్టుకుని నేల చూస్తున్నాడు. విన్నాడని తెలుస్తోంది. తల ఎత్తి తల్లి వైపు చూశాడు. ఆమె ఇంకా ఆ ఫ్యాను దగ్గరే ఉంది.

“నవ్వితే నవ్వనియ్యుండ్రి మామయ్యా,” అన్నాడు. “మా అమ్మ అడిగింది గద.”

అప్పుడు శ్రావణి తల్లి విజయలక్ష్మి గారు గబగబా లోపలికి వెళ్లి, కాఫీల తర్వాత మిగిలి చల్లారిన పాలు ఒక స్టీలు పళ్లెంలో పోసుకుని బయటికొచ్చారు. అప్పగింతలప్పుడు పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టడం అందరికీ తెలిసిందే. ఆ పళ్లెం చూసి పంతులుగారు కంగారుపడ్డారు.

“అమ్మా, అబ్బాయికి అప్పగింతలు శాస్త్రంలో లేవండీ.”

“లేకపోతే పాలేమైనా విరిగిపోతాయా పంతులుగారూ?” అని ఆవిడ నేరుగా వెళ్లి, పళ్లెం డిక్కీ అంచున పెట్టి సైదమ్మ ముందు నిలబడ్డారు. “రండి వదినగారూ. మీ అబ్బాయిని మాకు అప్పగించండి.”

నేను క్లారినెట్ ఎత్తాను. డ్రమ్ములు వద్దని సైగ చేశాను. ఏ అలంకారమూ లేకుండా, ఆ పాట ఎలా ఉందో అలాగే మొదలుపెట్టాను.

సైదమ్మ కొడుకు చేతులు రెండూ పట్టుకుని పాలలో ముంచింది. చిన్నపిల్లాడికి కడిగినట్టు వేళ్లు విడదీసి మరీ ముంచింది. తీసి విజయలక్ష్మి గారి దోసిట్లో పెట్టింది. పెట్టి కూడా వదల్లేదు.

“వదినె, వీనికి కూరల ఉప్పు తక్కువైతే చెప్పడు. ఊకె తిని లేస్తడు. ఆకలైనా అడగడు. జర మీరే అడిగి పెట్టుండ్రి.”

“అడుగుతానండీ” అన్నారు ఆవిడ.

ప్రసాదరావు గారు కాసేపు దూరంగా నిలబడి, వాచీ విప్పి జేబులో వేసుకుని వచ్చి ఆయన కూడా చేతులు పట్టారు. “ఉప్పు సంగతి నేను చూసుకుంటానమ్మా. మా ఇంట్లో రోజూ దాని మీదే గొడవ” అన్నారు. నరేశ్ నవ్వబోయి ఏడ్చేశాడు. ఇందాక పకపకా నవ్విన శ్రావణి అత్తగారి భుజం మీద మొహం దాచుకుంది. ఎవరూ నవ్వలేదు. చిందులేసిన పిల్లలు కూడా వెనక్కి జరిగి నిలబడ్డారు.

రెండో చరణం కూడా ఊదాను. అన్నేళ్లలో ఆ పాట ఎవరి కోసం ఊదుతున్నానో పూర్తిగా తెలిసి ఊదడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, దాచను. కానీ ఆ పాట ఆమెకు మళ్లీ తెగిపోకూడదని పెదవి బిగపట్టి చివరిదాకా లాక్కొచ్చాను. ఆ తర్వాత నేను మానేసేవరకు ప్రతి పెళ్లిలోనూ క్లారినెట్ తీయకముందే అడిగాను, ఇక్కడినుంచి ఎవరు పోతున్నారని. కొందరు విసుక్కున్నారు. విసుక్కున్నా అడగండి.

కారు కదిలేముందు విజయలక్ష్మి గారు సైదమ్మను రెండు రోజులుండి వెళ్లమని బతిమాలారు. “రేపు బడి ఉన్నది వదినె. పిల్లలకు వండాలె” అంది ఆమె. కారు గేటు దాటి మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. రోడ్డవతల వాళ్ల ఊరివాళ్లు డీసీఎం వ్యాన్‌లో ఎక్కి కూర్చుని ఆమెను పిలుస్తున్నారు. అటు వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. అందరూ ఏడ్చారు గానీ ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

“మంచిగ ఊదినవన్నా,” అంది. “పొద్దుగాల్ల సంది నా పిల్లగాన్ని ఎక్కడ్నో పారేసుకుంటున్నట్టే ఉండె. ఇప్పుడు పంపినట్టున్నది.”

వ్యాన్‌లోంచి ఎవరో చెయ్యి చాపారు. ఆమె పాల తడి ఆరని చేతిని కొంగుకు తుడుచుకుని, ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది.